బాక్టీరియా తోకకి మోటారు బిగించిందెవరు?

బోరుమోటార్ రావు:
మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. బాక్టీరియా ఒంటికి పొడుగాటి తోక, దాన్ని కశాభం అంటారట, దాని మొదట్లో నిజంగానే ఒక మోటారు ఉంది. రోటారు, స్టేటరు, షాఫ్టు, బుష్షు అన్నీ ఉన్నాయి. మా నాన్నది బోరు మోటార్ల వైండింగ్ షాపు, నేను ఆ వార్నిష్ వాసనలో పెరిగినవాణ్ణి, అందుకే చూడగానే మతిపోయింది. బుష్షు ఒక్కటి అరిగితేనే మోటారు పట్టేస్తుంది, అలాంటిది ఇన్ని పార్టులు కోట్ల ఏళ్లలో ఒక్కొక్కటిగా వాటంతటవే ఎలా వచ్చి కూర్చున్నాయండీ? సగం మోటారు ఎవడికి కావాలి? అమెరికాలో మైకేల్ బీహీ అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు 1996లోనే పుస్తకం రాసి ఇదే చెప్పాడట. ఎలుకల బోనులో స్ప్రింగు తీసేస్తే అది ఎలుకని పట్టదు, ఇదీ అంతే, ఎవరో తెలివైనవాళ్లు డిజైన్ చేసి ఉండాల్సిందే అని. సూటిగా జవాబు చెప్పండి. "ముందు సైన్స్ చదువుకో" అనే బాపతు వాళ్లు దయచేసి వద్దు.

అగార్ ప్లేటు:
రావు గారూ, నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకి మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చెబుతాను. ఏటా మొదట్లో హ్యాంగింగ్ డ్రాప్ చేయిస్తాం. కవర్‌స్లిప్ అంచులకి వాసెలిన్ రాసి, మధ్యలో కల్చర్ చుక్క పెట్టి, దాని మీద గుంట ఉన్న స్లైడు బోర్లించి మొత్తం చటుక్కున తిప్పేస్తే చుక్క గుంటలోకి వేలాడుతుంది. మైక్రోస్కోపులో చూసి పిల్లలు "సార్, అన్నీ కదులుతున్నాయి" అని అరుస్తారు. చాలాసార్లు అది నీటి అణువుల తాకిడికి ఉన్నచోటే వణకడం. నిజంగా ఈదేది అయితే ఇట్టే తెలిసిపోతుంది, గీత గీసినట్టు దూసుకెళ్లి, ఆగి, ఒక్క గింగిరా తిరిగి ఇంకో దిక్కుకి పోతుంది. ఇన్నేళ్లయినా నాకది సరదానే, కాబట్టి మీకు మతిపోయిందంటే నవ్వను. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా మోటారు సెకనుకి దాదాపు 300 చుట్లు తిరుగుతుంది, అంటే నిమిషానికి 18,000. మీ బోరు మోటారు 3,000 కూడా దాటదు కదా.

కానీ వైండింగ్ షాపు పోలిక ఇక్కడినుంచే తేడా కొడుతుంది. ఇందులో రాగి తీగ లేదు, పొర బయటి నుంచి లోపలికి ప్రోటాన్లు జారుతుంటే ఆ తోపుకి తిరుగుతుంది. స్టేటరు, అంటే తాను తిరగకుండా రోటారుని తిప్పే భాగం, ఒకే ముక్కగా ఉండదు, చుట్టూ పది పదకొండు యూనిట్లు ఉంటాయి, మోటారు తిరుగుతుండగానే కొన్ని ఊడిపోతాయి, కొత్తవి వచ్చి తగులుకుంటాయి, లోడ్ పెరిగితే ఇంకొన్ని చేరతాయి. స్టేటరు ప్రొటీన్ లేని బాక్టీరియాకి ఆ ప్రొటీన్ మళ్లీ అందిస్తే, ఆగిపోయిన మోటారు మెట్టు మెట్టుగా వేగం అందుకోవడం 1980ల్లోనే చూశారు. ఒక్క యూనిట్ ఉన్నా తిరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా.

ఇక మీ బుష్షు. ఈ.కోలైకి రెండు పొరలు, బయటి పొర దగ్గర షాఫ్టు తిరగడానికి బుష్షులాంటి రింగులుంటాయి. బాసిల్లస్ అనే ఇంకో బాక్టీరియాకి ఆ బయటి పొరే లేదు, ఆ రింగులూ లేవు, అయినా శుభ్రంగా ఈదుతుంది. ఒక్క పార్టు తీసినా పనికిరాదు అనేముందు ఏ బాక్టీరియా మోటారు గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి మరి.

ఖాళీగున్న నాని:
ఇంత సాగదీయడం దేనికి మాస్టారూ. ప్లేగు బాక్టీరియాకి ఒక సిరంజి ఉంటుంది, టైప్ 3 సెక్రెషన్ సిస్టమ్ అంటారు, మన కణాల్లోకి దాని ప్రొటీన్లు గుచ్చుతుంది. దాని అడుగు భాగం, కశాభం అడుగు భాగం ఒకటే తరహా. మొదట సిరంజి, తర్వాత దానికి తోక, ఆ తర్వాత మోటారు. 2005లో అమెరికాలో బీహీ వాదనని స్కూల్లో చెప్పడం మీద నడిచిన డోవర్ కేసులో, కెన్నెత్ మిల్లర్ అనే బయాలజీ ప్రొఫెసరు కోర్టులోనే చూపించాడు, బీహీ వాళ్లు ఓడిపోయారు. ఖేల్ ఖతం.

అగార్ ప్లేటు:
నానీ, నువ్వు మన పక్షమే అయినా ఇది వదలను, ఎందుకంటే ఈ తప్పు దొరికితే అవతలివాళ్లు మిగతా అంతా కొట్టిపారేస్తారు. సిరంజి ముందు, తోక తర్వాత అనడం తిరగేసిన కథ. వందల బాక్టీరియా జీనోములు (ఒక్కోదాని మొత్తం జీన్ల చిట్టా) పోల్చి 2012లో వచ్చిన విశ్లేషణ ప్రకారం కశాభమే పాతది, దాని పార్టులు కొన్ని పోయి, వేరేవి చేరి సిరంజి అయింది. (పైగా నువ్వు చెప్పిన ప్లేగు బాక్టీరియాకి ఈతే రాదు.) మిల్లర్ వాదన కూడా సిరంజి తాత అని కాదు. కొన్ని పార్టులు లేకపోయినా మిగిలినవి వేరే పనికొస్తాయి అని మాత్రమే. బీహీ మాటకి ఆ దెబ్బ చాలు.

హారిస్‌బర్గ్ పక్కన:
ఆ కేసు విచారణ జరిగిన ఊరికి దగ్గర్లోనే ఉంటాను కాబట్టి రెండు ముక్కలు. డోవర్ స్కూల్ బోర్డు 2004లో తొమ్మిదో తరగతి బయాలజీ పిల్లలకి ఒక ప్రకటన చదివి వినిపించాలంది, డార్విన్ సిద్ధాంతంలో లోపాలున్నాయి, ఇంటెలిజెంట్ డిజైన్ (ఎవరో తెలివైనవాళ్లు డిజైన్ చేశారన్న బీహీ బాపతు వాదన) అని ఇంకో వివరణ ఉంది అని. 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2005 డిసెంబర్ 20న జడ్జి జాన్ జోన్స్ ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదని తీర్పిచ్చాడు. ఆ జడ్జిని వేసింది జార్జ్ బుష్. ప్లీడర్ల ఖర్చుల కింద స్కూల్ డిస్ట్రిక్ట్‌కి పది లక్షల డాలర్ల పైనే వదిలింది. ఇంకో తమాషా, బీహీ, మిల్లర్ ఇద్దరూ కాథలిక్కులే. దీన్ని దేవుడున్నాడా లేడా గొడవ చెయ్యకండి.

బోరుమోటార్ రావు:
కోర్టు సంగతి నాకొద్దండీ, జడ్జి గారు మోటారు విప్పి చూడలేదు కదా. మాస్టారూ, సిరంజి తాత కాదంటున్నారు. అయితే ఆ మెట్లు మీకూ తెలియవన్నమాట?

అగార్ ప్లేటు:
అన్ని మెట్లూ వరసగా ఎవరికీ తెలియవు. ఆ మాట దాచను, కోర్టు తీర్పు ప్రయోగఫలితం కాదన్నదీ ఒప్పుకుంటాను. తెలిసింది చెబుతాను.

స్టేటరు ప్రొటీన్లకి బంధువులు ఇదే ఈ.కోలైలో ఉన్నాయి, ఎక్స్‌బీబీ, ఎక్స్‌బీడీ అని. అవీ ప్రోటాన్ల తోపుతోనే నడుస్తాయి, కానీ ఇనుము లోపలికి లాక్కోవడానికి సాయపడతాయి. మోటారు అడుగున ఉండే ఇంకో ప్రొటీన్, మన కణాల్లో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే ఇంధనం) తయారుచేసే యంత్రంలోని ముక్కకి దగ్గరి చుట్టం. తోకంతా వేల కాపీల ఒకే ప్రొటీన్, అవి బోలు గొట్టంలోంచి వెళ్లి చివర్న ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి. అంటే మోటారు అడుగున ఉన్నది ప్రొటీన్లని బయటికి తోసే పంపు. (జ్వరమొస్తే వైడాల్ టెస్టు చేయించుకుంటాం కదా, ఆ రిపోర్టులో H అని ఉండేది టైఫాయిడ్ బాక్టీరియా తోక ప్రొటీన్ మీద మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీ లెక్కే.)

సగం మోటారు ఎవడికి కావాలన్నారు. పేనుబంకకి కావాలి. పేనుబంక ఒంట్లో, దాని కణాల లోపలే బుక్నెరా అనే బాక్టీరియా కాపురముంటుంది. తోక ప్రొటీన్ జీనే పోయింది, ఈదే అవసరమే లేదు. అయినా దాని ఒళ్లంతా తోకలేని అడుగు భాగాలే, వందల కొద్దీ. ప్రొటీన్లు పంపడానికి వాడుతోందని అంచనా. ఇది పూర్తి మోటారు నుంచి పార్టులు ఊడిపోగా మిగిలిందే, పుట్టుక కథ కాదు, నిజమే. కానీ సగానికి పని లేదన్న మాట మాత్రం నిలబడదు.

2015లో ఇంకో ప్రయోగం వచ్చింది. సూడోమోనాస్ అనే బాక్టీరియాలో తోకల జీన్లని నడిపించే మెయిన్ స్విచ్ పీకేసి, తిండి దూరంగా ఉండేలా పెట్టారు. 96 గంటల్లోపే నత్రజని వాడకం జీన్లని నడిపించే వేరే స్విచ్‌లో రెండు మ్యుటేషన్లు వచ్చి, అది తోకల పని అందుకుంది, మళ్లీ ఈదాయి. పార్టులు ముందే ఉన్నాయి, మారింది వైరింగ్ ఒక్కటే, కాబట్టి నాని దీన్ని "మోటారు పుట్టింది" అని ఫార్వర్డ్ చెయ్యొద్దు.

ఖాళీగున్న నాని:
ఆల్రెడీ చేసేశా సార్. డిలీట్ చేస్తున్నా.

బోరుమోటార్ రావు:
పేనుబంక ముక్క బావమరిదికి పంపాను. "ఆ సగం మోటారు కూడా దేవుడే పెట్టాడు" అంటున్నాడు. దీనికేం చెప్పను?

అగార్ ప్లేటు:
పెట్టాడేమో. మరి ఏం కనిపిస్తే తన మాట తప్పని ఒప్పుకుంటాడో ఒకసారి అడగండి.

బోరుమోటార్ రావు:
అడిగాను. నీలం టిక్కులు పడి రెండు గంటలైంది.