అమ్మ నడుం కింద పుండు పడింది, హోమ్ వాళ్ళు "వయసండీ" అంటున్నారు

కోటిపల్లి రేవు:

అందరికీ నమస్కారమండి. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు. అమ్మకి 74 ఏళ్ళు, షుగరుంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా ముద్దగా వస్తుంది. నాన్నగారు లేరు. అన్నయ్య కువైట్‌లో, నేను హైదరాబాద్‌లో. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మావారివి నైట్ డ్యూటీలు. అందుకని రాజమండ్రిలో ఒక హోమ్‌లో చేర్పించాం. నెలకి 22 వేలు, డైపర్లు, మందులు వేరే.

మొన్న ఆదివారం చెప్పకుండా వెళ్ళాను. తలుపు దగ్గరే వాసన కొట్టింది. ఫినాయిల్ వాసన కాదు, వాన నీళ్ళలో నాని ముక్కిపోయిన గోనెసంచి వాసన. అమ్మని పక్కకి తిప్పి చూస్తే నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత గుంట, మధ్యలో నల్లగా అట్టకట్టింది. ఎడమ మడమ మీద నేరేడు పండు రంగు మచ్చ. అమ్మ ఏదో చెప్పబోయింది. "మంట" అన్న ఒక్క మాటే నాకు తెలిసింది.

మేనేజరు "వయసండీ, షుగర్ వాళ్ళకి ఎంత చేసినా వస్తాయి" అని రిజిస్టరు నా ముందు పెట్టాడు. రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పినట్టు టిక్కులు, సంతకాలు. నేను చూసేటప్పటికి టైము పదకొండున్నర. రిజిస్టర్లో సాయంత్రం నాలుగింటి గడి దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి! అన్నీ ఒకే పెన్ను, ఒకే చెయ్యి. గాలి పరుపు వేశారు గానీ దాని మోటారు ప్లగ్గు పీకేసి ఎవరో ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు.

ఇది నిజంగా ఆపలేనిదేనా? గట్టిగా అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని టెన్షన్. నిద్ర పట్టట్లేదు.

రిటైర్డ్ సిస్టర్, కాకినాడ:

అమ్మా, ముందు ఒక మాట. మధ్యలో నల్లటి అట్ట ఉందంటే అది పైపుండు కాదు. దాని కింద ఎంత లోతు ఉందో బయటికి తెలీదు. రేపే సర్జన్ గారికి చూపించండి. చచ్చిన కండ తియ్యాలో వద్దో ఆయన చెప్తారు, హోమ్‌లో ఎవరినీ కత్తెర పట్టనివ్వద్దు. మడమ మీద మచ్చని చిన్నది అనుకోకండి, షుగరు కాలు అది. జ్వరం వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా, తిండి మానేసినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆపలేనిదా అన్నారు. ప్రాణం చివరికొచ్చిన కొందరికి ఎంత చేసినా వస్తాయి, కాదనను. కానీ చాలావరకు ఆపగలిగినవే. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ చావడం మొదలవుతుంది. షుగరు, తడి, తిండి సరిపోకపోవడం దాన్ని తొందర చేస్తాయి, అంతే. వయసు ఒక్కటే పుండు చెయ్యదు.

పుస్తకాల్లో "ఎర్రబడితే జాగ్రత్త, వేలితో నొక్కితే తెల్లబడకపోతే మొదటి దశ" అని ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అందుకని చేత్తో చూడాలి. చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా అని. నేను డ్యూటీలో స్నానం చేయించేటప్పుడే తడిమి చూసేదాన్ని.

తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకండి, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా, 30 డిగ్రీలు చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. తల వైపు మంచం బాగా ఎత్తితే మనిషి కిందికి జారుతుంది, ఆ జారుడుకే చర్మం లోపల చిరుగుతుంది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం కూర్చోబెట్టాల్సిందే, పొరపోకుండా. అయ్యాక కాసేపాగి దించండి. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగకండి, కింద మడత దుప్పటి వేసి ఇద్దరూ ఎత్తండి. మధ్యలో చిల్లున్న రింగు దిండు కొనకండి, అది చుట్టూ నొక్కేస్తుంది. రంగు మారిన చోట నూనె రాసి మర్దనా వద్దు. పుండులో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యకండి, సెలైన్‌తో కడిగితే చాలు.

తిండి మర్చిపోకండి. గుడ్డు, పప్పు, పెరుగు, ముళ్ళు తీసిన కొర్రమీను. కిడ్నీ ఇబ్బంది లేకపోతే 50 కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ అందాలి. గంజి, ఇడ్లీలతో పుండు పూడదమ్మా.

పాలకొల్లు బాబాయ్:

సిస్టర్ గారు చెప్పనిది ఒకటి. మా నాన్నగారికి రెండేళ్ళు ఇంట్లోనే చేశాం. మొదట్లో కొబ్బరిపీచు పరుపు మీద వేశాను, నడుముకి మంచిదని కొట్టువాడు అన్నాడు. నడవగలిగేవాళ్ళకి మంచిదేమో. వారానికే తుంటి కమిలింది. తర్వాత మోటారు గాలి పరుపు తెచ్చాం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు ఫ్యాను కాదు, పరుపు మోటారు ఆడాలని ఇంట్లో రూలు. పరుపు ఉంది కదా అని తిప్పడం మానకూడదండోయ్.

నైట్ డ్యూటీ:

నేను ఇలాంటి హోమ్‌లో ఆయాగా మూడేళ్ళు చేశాను. తిట్టుకుంటే తిట్టుకోండి, చెప్పేస్తాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా పద్నాలుగు మందికి నేనొక్కదాన్నే. రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరిని ఆరుసార్లు, మొత్తం 84 సార్లు. ఒక్కోసారికి అయిదు నిమిషాలేసుకున్నా ఏడు గంటలు. మధ్యలో డైపర్లు, నీళ్ళు, అరిచేవాళ్ళు, పడిపోయేవాళ్ళు. లావు మనిషిని ఒక్కదాన్ని తిప్పలేక నా నడుమే పోయింది. టిక్కులు పెట్టకపోతే జీతం కోస్తామనేవారు. పెట్టేదాన్ని. నాకిప్పటికీ ఒక తాతగారు గుర్తొస్తారు, ఆయన గడిలో కూడా టిక్కే ఉండేది.

మేడమ్, కొత్త చోట ఫ్యాన్లు, గోడల రంగులు చూడకండి. "రాత్రి ఎంతమంది పేషెంట్లకి ఎంతమంది ఆయాలు?" అని అడగండి. తెల్లారగట్ల నాలుగింటికి ఒకసారి వెళ్ళి చూడండి.

కోర్టు గుమాస్తా:

తేదీ పడేలా పుండు ఫోటోలు, రిజిస్టరు పేజీ ఫోటో, కట్టిన రసీదులు దాచండి. సర్జన్ రాసిన కాగితంలో పుండు సైజు, దశ రాయించండి. ఫిర్యాదు నోటితో కాదు, రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌లో రెండేళ్ళ లోపు వెయ్యొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567, ఉచితం. అమ్మని బయటికి తెచ్చాకే నోటీసు. వరస తప్పకండి.

కోటిపల్లి రేవు:

అందరికీ పేరుపేరునా థాంక్సండి. మూడు వారాలు లేటుగా రాస్తున్నాను. సిస్టర్ గారూ, మీరన్నట్టే అయింది. అట్ట తీస్తే నా బొటనవేలు మొదటి కణుపు దాకా దిగింది. కాకినాడలో తొమ్మిది రోజులున్నాం. ఇప్పుడు అమలాపురంలో పిన్ని వాళ్ళ పక్క పోర్షన్ తీసుకున్నాం, కింద వాటా. నేను సెలవు మీద సెలవు పెడుతున్నాను, పగలు ఒకమ్మాయి వస్తుంది. రాత్రి అలారాలు నావే. పిన్నీ నేనూ దుప్పటి చెరో కొస పట్టుకుని ఎత్తుతుంటే మొన్న అమ్మకి నవ్వొచ్చింది, ఎందుకో మరి. మడమ మచ్చ ఎండుతోంది. నడుం పుండుకి నెలలు పడుతుందన్నారు.

నైట్ డ్యూటీ గారూ, మీది చదివి మొదట చాలా కోపం వచ్చింది. తర్వాత ఇక్కడ నేనొక్కదాన్నీ అమ్మని తిప్పబోతే రెండో రాత్రికే నా నడుం పట్టేసింది. కోపం పోయిందని అనను. ఇప్పుడది మీ మీద లేదు.

నిన్న ఆ మేనేజరు ఫోన్ చేశాడు. ఒక నెల ఫీజు వాపసిస్తాం, ఆన్‌లైన్‌లో మా పేరు రాయకండి అని. అన్నయ్య తీసేసుకుని వదిలెయ్యమంటున్నాడు. నేనింకా ఏ మాటా చెప్పలేదు. నాలుగింటి దాకా టిక్కులున్న ఆ పేజీ ఫోటో ప్రింటు తీయించాను.