పావలా నిలిచింది, బేడ ఎందుకు పోయింది?

రూపాయిలో ఎనిమిదో వంతును, అంటే రెండు అణాలను, బేడ అనేవారు. పావలా నేటికీ అందరి నోటా ఉండగా బేడ ఎందుకు మరుగున పడిందని ఒక మిత్రులు అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం నిఘంటువులో కాక, మా తెనాలిలోని చిల్లర కొట్టులో దొరికింది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చినప్పుడు పావలా సరిగ్గా 25 పైసలకూ, అర్ధరూపాయి 50 పైసలకూ సరిపోయాయి గనుక, బిళ్ళ మారినా పేరు మార్చవలసిన పని ఎవరికీ పడలేదు. బేడకు ఆ అదృష్టం లేదు. దాని విలువ పన్నెండున్నర పైసలు. మారకపు పట్టికలో ఆ అర తీసివేసి 12గా కట్టారు. అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని ఆ పట్టిక.

మా శెట్టిగారు దానిని నిమ్మతొనల సీసాల వెనుక గోడకు అంటించి, పైనుంచి వేలాడే పురికొస లాగి పొట్లం కడుతూ, అటువైపు చూడకుండానే లెక్క చెప్పేవారు. అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24 పైసలే అవుతాయనీ, ఒక్కసారే పావలా సరుకు కొంటే 25 అవుతాయనీ పిల్లలం పసిగట్టి, బలపాలూ జీళ్ళూ విడివిడిగా కొనేవాళ్ళం. "ఒరే అబ్బాయ్, నాలుగోసారి వచ్చావంటే కొసరు పెట్టను" అని ఆయన బెదిరించేవారు. కొత్త అయిదు పైసల బిళ్ళ కూడా పాత బేడలాగే నలుపలకలుగా, కాస్త చిన్నదిగా ఉండేది. ఎద్దు బొమ్మ ఉంటే బేడ, లేకుంటే అయిదు పైసలు. చూపు ఆనని మా నాయనమ్మ రెండింటినీ బేడ అనే అనేది. అటు పన్నెండుకూ ఇటు అయిదుకూ పలికే మాట బేరానికి ఏం పనికివస్తుంది?

పావలా సంగతి వేరు. 2011 జూన్ 30తో ఆ నాణెం చెలామణి ముగిసినా మాట చెక్కుచెదరలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పావలా వడ్డీ పథకం పేరు వినగానే, నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలని ఎవరూ విడమరచకుండానే ఊరివారికి అర్థమయింది. మా వైపు "పావలా కోడికి ముప్పావలా మసాలా" అంటే, తెలంగాణలో "చారాణా కోడికి బారాణా మసాలా" అంటారు. చారాణా, బారాణాలు పేరులోనే అణాలను లెక్కపెట్టే మాటలు. అయినా అవి బతికాయంటే, వాటి విలువ 25కూ 75కూ సరిపోవడమే కారణమని నా అభిప్రాయం.

రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ 12 పైసలను బేడ అనడం ఎంతకాలం సాగిందో, ఆ మాట చేరిన సామెత ఏదైనా మిగిలిందో, అక్కడి పెద్దలు తెలియజేయగలరు.