బ్రెగ్జిట్ గడువుకు ముందే జరిగిన పెళ్లిని రుజువు చేయడం ఎలా?

మా బావగారిది యానాం. తాతల నాటి నుంచి సంక్రమించిన ఫ్రెంచి పౌరసత్వంతో 2018లో లండన్ వెళ్లి, బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య, అంటే ఈయూ నుంచి బ్రిటన్ వైదొలగడం) తర్వాత, అప్పటికే అక్కడ ఉంటున్న ఈయూ పౌరుల కోసం పెట్టిన ఈయూ సెటిల్‌మెంట్ పథకం కింద శాశ్వత నివాస హోదా పొందారు. మా అక్కతో ఆయన వివాహం 2019 ఫిబ్రవరిలో అమలాపురంలో మా ఇంటి పందిట్లోనే జరిగినా, రిజిస్ట్రేషన్ మాత్రం 2022 మార్చిలో చేయించాము.

అత్తగారి అనారోగ్యం వల్ల ఇన్నాళ్లూ ఇక్కడే ఉండిపోయిన అక్క ఇప్పుడు అదే పథకం కింద ఫ్యామిలీ పర్మిట్‌కు (కుటుంబ సభ్యులు బ్రిటన్ వెళ్లేందుకు ఇచ్చే అనుమతికి) దరఖాస్తు చేయగా, బ్రెగ్జిట్ గడువైన 2020 డిసెంబరు 31 నాటికే వారు భార్యాభర్తలన్న ఆధారాలు చాలవంటూ తిరస్కరించారు. ధ్రువపత్రంలో పెళ్లి తేదీ, నమోదు తేదీ ఒకదాని కింద ఒకటి స్పష్టంగా ఉన్నాయి. అధికారి రెండోదాన్నే లెక్కలోకి తీసుకోవడం అన్యాయమని నా అభిప్రాయం.

పసుపు బొట్లు పెట్టిన శుభలేఖ, పెళ్లి ఫొటోలు, బావగారు 2019 నుంచి నెలనెలా పంపిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు అప్పుడే జతచేశాము. కాకినాడలో ఒక కన్సల్టెంటు మామూలు స్పౌజ్ వీసాకు వెళ్లమన్నారు గానీ, దానికి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. బావగారికి అంత జీతం లేదు. అప్పీలుకు ఉన్న 28 రోజుల్లో 11 గడిచిపోయాయి.

ఇలా ఆలస్యంగా రిజిస్టరైన పెళ్లితోనే అప్పీలులో నెగ్గినవారు, అసలు పెళ్లి తేదీని నిరూపించడానికి ఇంకా ఏ పత్రాలు సమర్పించారో దయచేసి చెప్పగలరా?