ఆకురాలు కాలపు టీ సాయంత్రం: పనుల పంపకం

సమన్వయకర్త

అందరికీ నమస్కారం. మన సంఘం సాయంత్రానికి హాలు ఖరారైంది. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు తాళం చేతికి వస్తుంది. అతిథులు 4 గంటలకు వస్తారు. రాత్రి 8 కల్లా ఊడ్చి అప్పగించాలి. ఇప్పటికి 80 మంది పేర్లు ఇచ్చారు, వాళ్లలో పావువంతు పిల్లలే.

పనులు పంచుకునే ముందు ఒక మాట. ప్లాస్టిక్ ఆకుల దండలు, థర్మాకోల్ గుమ్మడికాయలు కొనడం, మర్నాడు వాటిని అట్టపెట్టెలో కుక్కి ఎవరి గ్యారేజీలోనో పడేయడం మనకు అలవాటైపోయింది. ఈసారి అది వద్దు. హాల్లో పెట్టే ప్రతి వస్తువునూ తర్వాత ఎవరో ఒకరు వండుకోవాలి, లేదా ఇంటికి తీసుకువెళ్లాలి, లేదా అది మట్టిలో కలవాలి. వచ్చినవాళ్లు చూసి, రేపు తమ ఇంట్లోనూ ఇలా పెట్టుకోవాలనుకోవాలి. ఈ ఒక్క షరతుకు లోబడి ఎవరికి తోచింది వాళ్లు చెప్పండి.

అలంకరణ బృందం

షరతు బాగుంది అక్కా, కానీ ఇది మాకు పని పెంచేది. కాబట్టి ఇవాళే మొదలుపెట్టాలి.

మొదట ఆకులు. రాలిన ఆకులను వాన లేని రోజున, మంచు ఆరాక ఏరండి. తడివి తెస్తే రెండు రోజుల్లో నల్లబడి బూజు పడతాయి. వార్తాపత్రికల మధ్య పరిచి పైన బరువైన పుస్తకాలు పెడితే వారంలో చదునుగా ఎండుతాయి. రంగు ఇంకా నిలవాలంటే తేనెమైనం కరిగించి, కాడ పట్టుకుని ఒక్కసారి ముంచి తీయాలి. ఆ మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కనుక గిన్నెను మరిగే నీళ్ల మీద పెడితే చాలు, నేరుగా మంట మీద పెట్టకండి. ఇలా ముంచిన ఆకులను దారానికి కట్టి కిటికీలకు వేలాడదీద్దాం. ఎండ వెనక నుంచి పడితే ఈనెలు కూడా కనిపిస్తాయి.

కొమ్మలతో సహా కావాలనుకునేవాళ్లకు గ్లిజరిన్ పద్ధతి ఉంది. ఒక పాలు గ్లిజరిన్, రెండు పాళ్లు గోరువెచ్చని నీళ్లు కలిపి, కాడ చివర చితక్కొట్టి అందులో నిలబెట్టాలి. ఆకులు తోలులా మెత్తబడతాయి, ముట్టుకుంటే పొడి కావు. పూర్తిగా రంగు మారిన కొమ్మ మాత్రం దీనికి పనికిరాదు, అది నీళ్లు పీల్చడం అప్పటికే మానేసి ఉంటుంది. రంగు తిరగకముందే కోయాలి. రంగు ముదురు గోధుమలోకి దిగుతుందని ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకండి.

పైన్ కాయలు, ఓక్ కాయలు ఏరేవాళ్లకు ఒక మనవి: వాటిని నేరుగా హాలుకు తీసుకురావద్దు. ఓక్ కాయల్లో తరచూ పురుగుల లార్వాలు ఉంటాయి. బల్ల మీద పెట్టిన రెండో రోజున అవి కాయకు బెజ్జం చేసుకుని బయటికి నడిచివస్తాయి. పళ్లెంలో పరిచి 80, 90 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు, పక్కనే ఉండి కాస్తూ ఆరబెట్టండి. తడికి ముడుచుకున్న పైన్ కాయలు ఆ వేడికే విచ్చుకుంటాయి. పిల్లలకు చూపించండి, సంబరపడతారు.

నారింజ పళ్లను అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, 100 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు గంటలు మధ్యమధ్యలో తిరగేస్తూ ఎండబెట్టాలి. వేడి పెంచి త్వరగా ముగిద్దామంటే అంచులు మాడతాయి, నడుమ తడి మిగులుతుంది. ఇది నేను చేస్తాను. ఇల్లంతా వాసనగా ఉంటుంది కనుక మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

హాలు బాధ్యుడు

కొవ్వొత్తుల సంగతి ఎవరూ ఎత్తకముందే చెబుతున్నాను. హాలు ఒప్పందంలో నిప్పు నిషిద్ధం. ఎండుటాకులు, మైనం, ఉన్ని దుప్పట్లు, పరుగెత్తే పిల్లలు ఉన్న చోట ఒప్పందం లేకపోయినా నేను ఒప్పుకునేవాడిని కాను. బ్యాటరీ దీపాలు తెండి.

అలంకరణ బృందం

సరే అన్నయ్యా, కానీ తెల్లగా వెలిగే దీపాలు మాత్రం తేవద్దు. పెట్టె మీద వెలుగు రంగును చెప్పే అంకె 2700 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ అని ఉండాలి. 4000 దాటితే ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉంటుంది. పైన ఉన్న ట్యూబులైట్లు ఆర్పేసి, బల్ల ఎత్తులోను, మూలల్లోను చిన్న దీపాలు పెడితే సగం అలంకరణ అక్కడే అయిపోతుంది. ఇంట్లో అయినా అంతే. సామాను కొనే ముందు పైదీపం ఆర్పి చూడాలి.

ఉన్ని దుప్పట్లు, మెత్తలు ఇళ్ల నుంచి తీసుకురావాలి, పేరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చి.

వంటల బృందం

గుమ్మడికాయల మాట ఎవరూ అనలేదు, అందుకే నేను అంటున్నాను. అలంకరణకు కొనే కాయలూ సూపుకు కొనే కాయలూ వేరువేరుగా ఎందుకు? కోయని గుమ్మడికాయ, తొడిమ ఊడకుండా ఉంటే, చల్లని పొడి చోట నెలల తరబడి నిలుస్తుంది. చెక్కినది కొద్ది రోజులకే మెత్తబడి కుళ్లుతుంది. కాబట్టి చెక్కడం వద్దు, రంగులు వేయడం వద్దు, మెరుపుల పొడి అసలే వద్దు. వండే రకాలనే బల్ల మీద పేర్చుదాం, వెళ్లేటప్పుడు తలా ఒకటి ఇచ్చేద్దాం.

రకం చూసి కొనండి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో నీరు, పీచు ఎక్కువ, రుచి తక్కువ. బటర్‌నట్ అనే పొడవాటి గుమ్మడిలో పీచు దాదాపు ఉండదు. హొక్కైడో అనే చిన్న ఎర్రకాయను తొక్కతోనే వండొచ్చు, ఉడికాక తొక్క మెత్తగా కలిసిపోతుంది, సగం శ్రమ తగ్గుతుంది. బుడిపెలు, చారలు ఉండి అలంకరణకే అమ్మే చిన్న కాయలు మాత్రం కొనకండి. వాటిలో కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, కడుపు నొప్పి, వాంతులు తెస్తుంది. ఇంటికి తీసుకువెళ్లినవాళ్లు వండుకోకుండా ఉంటారా? అసలు ఏ గుమ్మడి ముక్క అయినా నాలుకకు చేదుగా తగిలితే వెంటనే ఉమ్మేసి కుండ మొత్తం పారబోయాలి, ఉడికించినా ఆ చేదు పోదు.

లెక్క ఇది. మనిషికి 200 మిల్లీలీటర్ల కప్పు అనుకుంటే 16 లీటర్ల సూపు. దానికి ఒలిచిన గుజ్జు 8 కిలోలు, అంటే కాయలు 12 కిలోలు. ముక్కలను నీళ్లలో ఉడికించకండి. నూనె పూసి 200 డిగ్రీల ఓవెన్‌లో ముక్కల అంచులు గోధుమరంగు తిరిగేదాకా, సుమారు ముప్పావు గంట కాల్చండి. ఉడికించిన కాయ సూపు చప్పగా ఉంటుంది, తర్వాత ఎంత మీగడ పోసినా సరికాదు. కాల్చిన ముక్కలకు వేయించిన ఉల్లిపాయ, కొంచెం అల్లం, చిటికెడు జాజికాయ, చివర్లో నిమ్మరసం చాలు. గింజలు పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఉప్పు చల్లి 160 డిగ్రీల దగ్గర వేయిస్తే సూపు మీద చల్లుకోవడానికి పనికొస్తాయి.

తీపికి ఆపిల్ క్రంబుల్, అంటే ఆపిల్ ముక్కల మీద పిండి, వెన్న, చక్కెర నలిపిన పొడి చల్లి ఓవెన్‌లో కాల్చేది. 10 కిలోల ఆపిల్ పళ్లు, తొక్క, గింజల భాగం పోగా 8 కిలోలు. పుల్లనివి సగమైనా ఉండాలి, గ్రానీ స్మిత్ లాంటివి. అన్నీ తియ్యనివైతే పైపొడి చక్కెరతో కలిసి వెగటు పుడుతుంది. పైపొడికి పిండి రెండు పాళ్లు, వెన్న ఒక పాలు, చక్కెర ఒక పాలు, అంతా తూకమే. 2 కిలోల పిండి, కిలో వెన్న, కిలో చక్కెర. వెన్న చల్లగా ఉండాలి, వేళ్ల కొసలతో నలపాలి. అరచేయి తగిలితే వెన్న కరిగి ముద్దవుతుంది, తర్వాత అట్టలా వస్తుంది.

ఒక తల్లి

వదినగారూ, మా చిన్నవాడికి బాదం, వాల్‌నట్ లాంటి గింజలు పడవు. క్రంబుల్‌లో అవేవీ వేయకుండా చూడగలరా?

వంటల బృందం

వేయడం లేదు తల్లీ. అయినా ఇళ్ల వంటగదుల్లో చేసుకొస్తున్నాం కనుక పూర్తి హామీ ఇవ్వలేను. ప్రతి గిన్నె ముందు ఏమేమి వేశారో రాసిన చీటీ ఉంటుంది: గింజలు, పాలు, గోధుమ, సెలరీ, అన్నీ. చీటీ లేని గిన్నె బల్ల ఎక్కదు, ఎవరు తెచ్చినా సరే. మీ అబ్బాయికి కావాలంటే ఒక చిన్న పళ్లెం వేరుగా మూతపెట్టి ఉంచుతాను. వేరే గరిట కూడా.

వాడి కోసమే చెస్ట్‌నట్‌లను వేరే బల్లకు, తలుపు పక్కకు మారుస్తున్నాను. వాటిని కాల్చేవాళ్లు ప్రతి కాయకూ చాకుతో గాటు పెట్టాలి. లేకపోతే లోపలి ఆవిరికి ఓవెన్‌లోనే పేలుతాయి. 200 డిగ్రీల దగ్గర ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, వేడిగా ఉండగానే ఒలవాలి.

పార్కుల్లో పడి ఉన్నవి ఏరి తెద్దామని ఎవరో అన్నారట. దయచేసి ఆపండి. గుర్రపు చెస్ట్‌నట్ చూడటానికి అదే కాయ, కానీ విషం. తినే కాయ మీద దట్టంగా సన్నని ముళ్లు ఉంటాయి, గింజ కొసన చిన్న కుచ్చులాంటి మొన ఉంటుంది. విషపు కాయ మీద ముళ్లు మొద్దుగా, దూరదూరంగా ఉంటాయి, గింజ గుండ్రంగా నున్నగా ఉంటుంది, మొన ఉండదు. అలంకరణ బృందం ఎరుపు పండ్ల కొమ్మలు తెచ్చినా ఇదే జాగ్రత్త. పిల్లల చేతికి అందే బల్ల మీద పేరు తెలియని పండు పెట్టకూడదు.

టీ బల్ల

అందరూ అన్నీ చెప్పేశారు, టీ మాత్రం చివరికి మిగిలింది. దీని పేరే టీ సాయంత్రం, గుర్తుందా?

నిన్న ఒకరు ఫోన్ చేసి "నీళ్లు మరిగిస్తాం, సంచులు పడేస్తాం, అంతే కదా" అన్నారు. అంతే కాదు. బ్లాక్ టీకి నీళ్లు మరుగుతూ ఉండాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు. గ్రీన్ టీకి అదే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది, 75, 80 డిగ్రీలకు చల్లార్చి రెండు నిమిషాలే ఉంచాలి. రూయిబోస్ అనే ఎర్రని మూలికా టీని ఎంతసేపు ఉంచినా నొచ్చుకోదు, ఐదు నుంచి ఏడు నిమిషాలు పెట్టండి, కెఫీన్ లేదు కనుక పిల్లలకూ, రాత్రి నిద్ర పట్టదనేవాళ్లకూ అదే పోస్తాం. టీ చిక్కగా కావాలంటే ఆకు పెంచాలి, సమయం కాదు. సమయం పెంచితే టానిన్లు అనే వగరు పదార్థాలు దిగి నాలుక పట్టేస్తుంది.

80 మందికి కెటిల్‌తో కుదరదు. సగం మంది బ్లాక్ టీ తాగుతారని, తలా రెండు చిన్న కప్పులని అనుకుంటే 12 లీటర్లు. అందుకు 130 గ్రాముల ఆకును 4 లీటర్ల మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, వడకట్టి, ఆ డికాషన్‌ను ఫ్లాస్కుల్లో పోస్తాను. కప్పులో మూడోవంతు డికాషన్, పైన వేడినీళ్లు. ఎవరికి కావలసినంత చిక్కగా వాళ్లు. పాలు వేరే కూజాలో, ఐసు గిన్నెలో నిలబెట్టి. ఆకు మాత్రం వడకట్టి తీసేయాలి, ఫ్లాస్కులో ఆకు ఉంచేసిన టీని నేను టీ అనను.

ఒక సరదా మూల కూడా ఉంటుంది. ఒకే ఆకు, ఒకే నీళ్లు, ఒక నిమిషం, మూడు నిమిషాలు, పది నిమిషాలు ఉంచిన మూడు కప్పులు. తాగి చూసినవాళ్లకు నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

టీ వద్దనేవాళ్లకు వెచ్చని ఆపిల్ రసం, దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్కతో. తెర్లకుండా సన్నని వేడి మీద అరగంట, అంతే. పొడి దాల్చిన వద్దు, అడుగున బురదలా చేరుతుంది.

హాలు బాధ్యుడు

బాయిలర్ల విషయం. 2.5 కిలోవాట్ల బాయిలర్‌లో 20 లీటర్ల చన్నీళ్లు మరగడానికి ముప్పావు గంట పైనే పడుతుంది. కనుక 4 గంటలకు టీ కావాలంటే 3 గంటలకే స్విచ్ వేయాలి. రెండు బాయిలర్లను ఒకే ప్లగ్ వరుసకు పెడితే ఫ్యూజు ఎగురుతుంది. ఒకటి వంటగదిలో, రెండోది వేదిక పక్కన. ఎక్స్‌టెన్షన్ తీగతో అసలు వద్దు.

సూపు తెచ్చేవాళ్లకు కూడా. రాత్రి వండితే పెద్ద కుండలో అలాగే వదిలేయకండి, మధ్యభాగం తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉండిపోతుంది. వెడల్పు పళ్లేల్లోకి సర్ది రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టండి. హాల్లో మళ్లీ పొంగేదాకా మరిగించి, 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. స్లో కుక్కర్ వేడిగా ఉంచడానికే, చల్లనిదాన్ని వేడి చేయడానికి కాదు.

యువ వాలంటీరు

పిల్లల బల్ల నాకు ఇవ్వండి. నారింజ పండుకు లవంగాలు గుచ్చే పని పెడతాను. వేళ్లు నొప్పి పుట్టకుండా ముందుగా టూత్‌పిక్‌తో నేను బెజ్జాలు చేస్తాను. ఆకుల రంగు గురించి ఒక అట్ట కూడా రాస్తాను: పసుపు రంగు కెరోటినాయిడ్లు వేసవిలోనూ ఆకులో ఉంటాయి, పచ్చని క్లోరోఫిల్ విరిగిపోయాక బయటపడతాయి. ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లను చాలా చెట్లు ఈ కాలంలో కొత్తగా తయారుచేసుకుంటాయి. పగలు ఎండ, రాత్రి చలి ఉండి మంచు గడ్డకట్టని రోజుల్లో ఎరుపు బాగా వస్తుంది. పెద్దవాళ్లకు కూడా ఇది తెలియదని నా అనుమానం.

సమన్వయకర్త

బల్ల నీదే బాబూ. అట్ట మీద అక్షరాలు పెద్దవిగా రాయి, పెద్దవాళ్లూ చదువుకోవాలి కదా.

తేలినవి ఇవి. గుమ్మడికాయలు వంటల బృందమే ఎంపిక చేస్తుంది, అలంకరణ బృందం పేరుస్తుంది, కత్తి పెట్టదు. చీటీల నియమం అందరికీ. ఆకులు ఏరడం ఆదివారం ఉదయం, వాన పడితే సోమవారం సాయంత్రం. ఊడ్చే పనికి ఇంతవరకు ఎవరూ చేయి ఎత్తలేదు, నేను గమనించాను.

టీ బల్ల

ఊడ్చే పనికి నన్ను రాసుకోండి, అక్కడే ఉంటాను కదా. వడపోత జల్లెడలు, థర్మామీటరు నేనే తెస్తాను. ఆపిల్ రసానికి మూడో బాయిలర్ కావాలి. ఎవరింట్లో ఉందో గురువారంలోగా చెప్పండి, అడుగున పేరుకున్న సున్నం వెనిగర్‌తో మరిగించి కడగడానికి నాకు ఒక రోజు పడుతుంది.