ఉగాది సాహిత్య సభ: గోరటి వెంకన్న గారి పాటలకు నలభై నిమిషాలు

సాహిత్య విభాగం సమన్వయకర్త:

సభ్యులందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర ఉగాది 2026 మార్చి 19, గురువారం నాడు వస్తున్నందున న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన వేడుకను 21వ తేదీ శనివారానికి పెట్టుకున్నాం. ఆ సాయంత్రం కార్యవర్గం మనకు కేటాయించిన నలభై నిమిషాలను ఎప్పటిలా స్వీయ కవితా పఠనంతో నింపకుండా, ఈసారి పూర్తిగా గోరటి వెంకన్న గారి కవిత్వానికే ఇవ్వాలని నా ప్రతిపాదన. కవిగారిని రప్పించే స్తోమత మన సంఘానికి లేదు కనుక ఆయన పాటలను మన సభ్యులే పాడతారు, మన పిల్లలే చదువుతారు.

ఆహ్వాన పత్రిక చిత్తుప్రతిలో ఆయనను 'ప్రముఖ సినీ గేయ రచయిత' అని మాత్రమే పరిచయం చేశారు. 2002లో వచ్చిన 'కుబుసం' చిత్రంలోని 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటతోనే మనలో చాలామందికి ఆయన తెలిసిన మాట నిజమే. అయినా, 'వల్లంకి తాళం' కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవిని అలా ఒక్క సినిమా పాటకు కుదించడం సబబు కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన కవి అని, 'రేల పూతలు', 'అలసెంద్రవంక' సంపుటాల కర్త అని, 2020 నవంబరులో గవర్నర్ కోటాలో తెలంగాణ శాసన మండలికి నామినేట్ అయ్యారని రాస్తే చాలు. బిరుదులు అక్కరలేదు.

'పల్లె కన్నీరు' పాటను రెండు చరణాలతో ముగించవద్దని పాడేవారికి నా మనవి. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, ఇలా ఒక్కొక్క చేతివృత్తినీ తడుముతూ ఊరి బతుకు ఎలా చితికిపోయిందో చెప్పే పాట అది. మధ్యలో ఒక్క వృత్తిని వదిలేసినా ఆ వరుస తెగిపోతుంది. సమయం చాలకపోతే అతిథుల ప్రసంగాలను తగ్గిద్దాం. శాలువాలు కప్పే ఘట్టం ఈ నలభై నిమిషాల్లో ఉండకూడదని ముందే చెబుతున్నాను, తరువాత ఎవరూ నొచ్చుకోవద్దు.

పిల్లల ప్రతులను ఇంగ్లీషు లిపిలో కాకుండా పెద్ద తెలుగు అక్షరాల్లోనే అచ్చు వేయించాలి. తెలుగు నేర్పే మనబడి తరగతులకు వెళ్లే పిల్లలు ఎలాగూ చదవగలరు, పాలమూరు మాటల దగ్గర తడబడితే పక్కన పెద్దవారు ఒకరు ఉంటారు.

ధ్వని ఏర్పాట్ల బాధ్యులు:

పాటలకు కరోకే ట్రాక్ పంపుతారా, లేక వాద్యాలు ఉంటాయా? స్టాండు మైకులు రెండు మాత్రమే ఉన్నాయి.

సాహిత్య విభాగం సమన్వయకర్త:

ట్రాక్ వద్దండి. వెంకన్న గారు గజ్జె కట్టి, ఆడుతూ పాడే కవి; ఒక పదం దగ్గర ఆగి, మరో పదాన్ని సాగదీసి, సభను బట్టి లయ మార్చే ఆ బాణీ ట్రాక్‌కు కట్టేస్తే నిలవదు. ఒక డోలక్, ఒక కంజీర చాలు. పాడేవారు కదులుతారు కనుక తల చుట్టూ పెట్టుకునే వైర్‌లెస్ మైకులు రెండు అద్దెకు తీసుకోండి, డోలక్ దగ్గర మీ స్టాండు మైకు ఒకటి ఉంచండి. గజ్జెల చప్పుడు కూడా వినిపించాలి కాబట్టి వేదికపై తివాచీ పరచవద్దు.

కోశాధికారి:

పుస్తకాల బల్ల సంగతి ఏమిటి? కిందటిసారి మిగిలిపోయిన పుస్తకాలు ఇంకా మా గరాజులోనే ఉన్నాయి.

సాహిత్య విభాగం సమన్వయకర్త:

ఈసారి కొద్ది ప్రతులే తెప్పిద్దాం. 'వల్లంకి తాళం'తో పాటు అదే అకాడమీ పురస్కారం పొందిన కవితా సంపుటాల్లో దేవిప్రియ గారి 'గాలిరంగు', నిఖిలేశ్వర్ గారి 'అగ్నిశ్వాస', యువ పురస్కారం పొందిన తగుళ్ళ గోపాల్ గారి 'దండకడియం' ఉంటే చాలు. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి వచ్చేవారు తమ పెట్టెలో నాలుగైదు కిలోల చోటు ఇవ్వగలిగితే ఇక్కడే తెలియజేయండి. కాచిగూడలోని నవోదయ పుస్తకాల దుకాణంలో కొని వారి ఇంటికి చేర్పించే పని నేను చూసుకుంటాను. పాడదలచినవారు ఏ పాటో కూడా రాయండి, ఒకే పాటకు ముగ్గురు సిద్ధపడి రాకుండా ఉంటుంది.