రక్షకుడు పుట్టాడంటే దేని నుంచి రక్షణ?

కావలి కుర్రాడు: మొన్న మా సంఘంలో సెమీ క్రిస్మస్‌కి, అంటే పండక్కి ముందు చేసుకునే కూడికకి, ఒంగోలు నుంచి ఒక బోధకుడు వచ్చి గంటసేపు మాట్లాడారు. మత్తయి 1:21 చదివి, యేసు తన ప్రజలను పాపాల నుంచి రక్షించడానికే పుట్టాడు, క్రిస్మస్ అంటే అంతే అన్నారు. లూకా సువార్తలో యేసు తల్లి మరియ పాడిన పాట జోలికే పోలేదు. బలవంతుల్ని గద్దెల మీద నుంచి దించాడు, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నింపాడు, ధనవంతుల్ని వట్టి చేతులతో పంపేశాడు అని ఆ తల్లి పాడింది కదా. అది రక్షణలోకి రాదా? మీరేమంటారు?

పెన్నా ఒడ్డు: పాట ఉంది తమ్ముడూ, ఎవరూ కాదనరు. కానీ మత్తయి 1:21లో దూత యోసేపుతో చెప్పిన మాటలో అనుమానానికి చోటు లేదు. పాపాల నుంచి. రోము నుంచి అనలేదు, అప్పుల నుంచి అనలేదు. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ళ లోపు మగపిల్లల్ని చంపించాడు. యేసుని ఎత్తుకుని ఐగుప్తుకి వెళ్ళిపోయారు, మిగతా తల్లుల గతి ఏమైంది? రక్షణంటే ఈ లోకంలో కష్టం తీరడమే అయితే ఆ తల్లులకి మీరేం జవాబు చెబుతారు?

చీమకుర్తి రాయి: బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా పాడిన పాట సంగతేంటి? లూకా 1:71. శత్రువుల నుంచి, మనల్ని ద్వేషించేవాళ్ళ చేతిలోంచి రక్షణ.

పెన్నా ఒడ్డు: 77వ వచనం కూడా చదవండి. అదే జెకర్యా, అదే పాట. పాపక్షమాపణ వల్ల రక్షణ అంటాడు. 71లో శత్రువు ఎవరో అక్కడ తేలిపోయింది.

చీమకుర్తి రాయి: మధ్యలో 74 ఎందుకు దాటేశారు? శత్రువుల చేతిలోంచి విడుదలై భయం లేకుండా దేవుణ్ణి సేవించాలని ఉంది. పాపాన్ని చూసి మనం భయపడం, ఇష్టపడే చేస్తాం. భయమేసేది మనుషుల్ని చూసే.

కొండపి మాస్టారు: ఒక్క మాట. ఇప్పటి టర్కీలో ఉన్న ప్రియేన్ అనే పాత ఊళ్ళో క్రీ.పూ. 9 నాటి శాసనం దొరికింది. అందులో రోమా చక్రవర్తి అగస్టస్‌ని రక్షకుడన్నారు, ఆయన పుట్టినరోజు లోకానికి శుభవార్త అన్నారు. లూకా అదే అగస్టస్ పేరుతో రెండో అధ్యాయం మొదలుపెట్టి, గొర్రెల కాపరులకి వేరే రక్షకుణ్ణి చూపించాడు. ఆ రోజుల్లో విన్నవాళ్ళకి అందులో రాజ్యం సంగతి తప్పకుండా వినపడి ఉంటుంది.

పెన్నా ఒడ్డు: శాసనాలు వద్దు మాస్టారూ, 77 గురించి చెప్పండి.

చీమకుర్తి రాయి: 77, 77 అని పట్టుకుని వేలాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. మా తమ్ముడు క్వారీలో పనిచేసేవాడు. రాయి జారి పాదం మీద పడింది, మడమ దగ్గర ఎముక నుగ్గయింది. యజమాని మొదటి రోజు ఆసుపత్రి ఖర్చు కట్టి మళ్ళీ కనపడలేదు. మీరొచ్చి ఒక మాట అడగండయ్యా అని సంఘ పెద్దల దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు అప్పుడు గుడి మీద కట్టే నక్షత్రానికి చందాల లిస్టు రాసుకుంటున్నారు. ఆ యజమాని పేరే పైన ఉంది. పాస్టరు గారు మా తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, దాచిన పాపం ఏమన్నా ఉంటే ఒప్పుకో నాయనా అన్నారు. 77 అంటే నాకు గుర్తొచ్చేది అదే.

కావలి కుర్రాడు: చాలా బాధగా ఉందన్నా.

పెన్నా ఒడ్డు: ఒక పాస్టరు చేసిన పనికి వాక్యాన్ని తప్పుపడతారా?

చీమకుర్తి రాయి: వాక్యాన్ని కాదు, మీరు సగం కోసి వడ్డించడాన్ని. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పనిచ్చాడు. చావకుండా బతికారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పెద్దలకి రక్షణ ముందు కూలిగా, అన్నంగా కనపడింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పెన్నా ఒడ్డు: ఆపండి! ఈ మాట కోసమేనా ఇంతసేపూ తిప్పింది? చిన్నప్పటి నుంచీ బళ్ళో నన్ను ఇదే మాటతో ఏడిపించారు, పిండికీ పాలపొడికీ మతం మారినోళ్ళు అని. మా నాయనమ్మకి అక్షరం రాదు, యోహాను సువార్త సగం నోటికి వచ్చు. ఆమె పొట్ట కోసం వచ్చిందా? చరిత్ర తెలిస్తే పూర్తిగా చెప్పండి. కరువు పనులు నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం రాకూడదనే. పనులయ్యాకే ఆ 2,222 మంది వచ్చారు. ఇప్పుడు మన నోటితో మనమే అన్నం కోసం అంటే, వెక్కిరించినవాళ్ళదే నిజమైపోదా?

కొండపి మాస్టారు: ఇద్దరూ కాస్త శాంతించండి.

చీమకుర్తి రాయి: అన్నా, ఇప్పుడు అర్థమైంది మీ భయం. నేను అన్నం కోసం అనలేదు. బాప్తిస్మాలు ఆపిన సంగతి నాకూ తెలుసు. ఆపినా జనం వచ్చారంటే, కూలి ఇచ్చిన చేతిలో వాళ్ళు దేవుణ్ణి చూశారనే కదా. ఆకలి సిగ్గుపడాల్సిన విషయమని మనకి నేర్పింది ఆ వెక్కిరించినవాళ్ళే. వాళ్ళకి భయపడి మరియ పాట వదిలేద్దామా?

పెన్నా ఒడ్డు: పాట పాడండి, నేనూ పాడతాను. మీ తమ్ముడి కోసం పెద్దలు కదలకపోవడం తప్పే. అయినా మత్తయి 1:21 మారదు.

చీమకుర్తి రాయి: మారక్కర్లేదు. కూలివాడి కాలు విరిగితే మొహం చాటేయడం పాపమా కాదా? పాపమైతే, దాని నుంచి కూడా రక్షించడానికే ఆయన పుట్టాడు. మరి ఆ మాట యజమానికి ఎవరు చెప్పాలి? నక్షత్రం చందా తీసుకున్నవాళ్ళు చెప్పాలా వద్దా?

పెన్నా ఒడ్డు: చెప్పాలి. కానీ ముందు అతను మారుమనసు పొందాలి.

చీమకుర్తి రాయి: చెప్పకుండా ఎలా పొందుతాడు అన్నా?