యూదా పత్రికలో హనోకు మాట ఎక్కడిది?

పాలకొల్లు కుర్రాడు:
అందరికీ వందనాలు. మొన్న యవ్వనస్థుల కూడికలో కొత్త నిబంధనలోని యూదా పత్రిక (యూదా రాసిన ఉత్తరం) చదువుతూ 14, 15 వచనాల దగ్గర ఆగిపోయాం. హనోకు ప్రవచించాడని అక్కడ ఉంది గానీ, ఆదికాండంలో ఆయన నోట ఒక్క మాట కూడా లేదు, దేవునితో నడిచాడు, దేవుడు తీసుకుపోయాడు, అంతే. వెతికితే ఆ మాట హనోకు గ్రంథం మొదటి అధ్యాయంలో దొరికింది. అయ్యగారిని అడిగితే "ముందు బైబిల్లో ఉన్న 66 పుస్తకాలూ పూర్తి చెయ్యి" అన్నారు. నిజమే, చెయ్యలేదు. కానీ యూదా ఎత్తి చెప్పిన పుస్తకాన్ని మనం ముట్టకూడదా? ముడితే బైబిలు పక్కన ఎలా పెట్టుకుని చదవాలి?

కాలవగట్టు:
చదువు తమ్ముడూ, ఏమీ కాదు. మా నర్సాపురం వైపు ప్రసంగంలో వేమన పద్యం చెప్పని అయ్యగారు అరుదు. అంతమాత్రాన వేమన శతకం లేఖనం అయిపోయిందా? పౌలు కూడా ఏథెన్సులో గ్రీకు కవుల మాట వాడాడు, అపొస్తలుల కార్యాలు 17:28 చూడు. ఇదీ అంతే.

లంకలో లైబ్రరీ:
వేమన పోలిక సగమే కుదిరిందండీ. కవి అన్నాడు అనడం వేరు, "ప్రవచించి" అనడం వేరు. యూదా వాడింది రెండోది.

కాలవగట్టు:
అయితే తీతు 1:12 తీయండి. క్రేతు వాళ్ళు అబద్ధికులు అన్న ఆ మనిషిని పౌలు "వారి సొంత ప్రవక్త" అనే అన్నాడు. ఆ క్రేతు ఆయన పద్యాలు మన బైబిల్లో లేవు కదా!

లంకలో లైబ్రరీ:
ఇది బాగుంది, ఒప్పుకుంటాను. అయినా యూదాకు హనోకు మీద ఉన్న గౌరవం పౌలుకు ఆ క్రేతు ఆయన మీద ఉన్నట్టు లేదు. ఇథియోపియా ఆర్థడాక్స్ వాళ్ళు ఈ గ్రంథాన్ని బైబిల్లోనే ఉంచుకున్నారు, పూర్తి ప్రతి మిగిలింది వాళ్ళ గీజు భాషలోనే. మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) బైబిల్లో 73 పుస్తకాలున్నా ఇది మాత్రం లేదు.

తమ్ముడు అడిగిన "ఎలా" సంగతికొస్తే, ఆదికాండం 6:1-4 చదివి, తర్వాత హనోకు 6 నుంచి 11 అధ్యాయాలు, ఆ వెంటనే 2 పేతురు 2:4, యూదా 6 చదవండి. పాపం చేసిన దూతల్ని చీకట్లో బంధించడం ఆదికాండంలో లేదు, హనోకులో ఉంది. ఆ పత్రికలు మొదట విన్నవాళ్ళ చెవిలో ఏ కథ మోగుతుండేదో అప్పుడు తెలుస్తుంది. నాకైతే ఈ గ్రంథం పనికొచ్చేది అందుకే, కొత్త సిద్ధాంతం కట్టుకోడానికి కాదు. ఇంకోటి, ఇది ఒక్క చేతి పుస్తకం కాదు, అయిదు భాగాలు. మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో పాత ప్రతుల అరామిక్ భాష ముక్కలు దొరికాయి గానీ, మనుష్యకుమారుడి (యేసు తనను తాను పిలుచుకున్న పేరు) గురించి ఉన్న 37-71 అధ్యాయాలవి ఒక్కటీ లేదు. యేసు ప్రభువు ఆ మాట అక్కడినుంచే తీసుకున్నాడని ఎవరైనా గట్టిగా చెబితే వెంటనే తలూపకండి.

కాలవగట్టు:
యూట్యూబులో నెఫీలుల (ఆ దూతలకు పుట్టారని చెప్పే మహాకాయుల) ఎముకలు చూపించే వీడియోల జోలికి అసలు పోవద్దు. గీజు ప్రతిలో వాళ్ళ ఎత్తు 3000 మూరలు, అంటే కిలోమీటరు పైమాటే, దాని ముందు మన కొబ్బరిచెట్టు గడ్డిపరక. అంతటివాడి ఎముక వీడియోలో ఎలా పట్టిందో మరి.

పాలకొల్లు కుర్రాడు:
హహ. సరే అన్నయ్యా, ఆదివారం లంక గారు చెప్పిన వరుసలోనే చదువుతాం. ముందు అయ్యగారికి చెప్పాలి, ఈలోగా ఆ 66లో ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోవాలి.